దాల్చిన చెక్క రుచితో క్రీము షాట్ ఇంట్లో చేస్తే విరిగిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది?

అనంత_మిద్దె
డిసెంబరు 31 రాత్రి మా మిద్దె మీద పదిహేను మందిమి కలుస్తున్నాం. అన్నదమ్ములు, వదినలు, ఇద్దరు ముగ్గురు చిన్నప్పటి స్నేహితులు. మా పిన్ని కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడి విందుల్లో ఇచ్చే ఒక పానీయం గురించి ఫోనులో చెప్పి చెప్పి నోరూరించాడు. చిన్న గాజు గ్లాసు, ఒక్క గుక్క. పాయసంలా తియ్యగా, మీగడలా చిక్కగా ఉంటుందట. మింగిన తరువాత గొంతులో దాల్చిన చెక్క ఘాటు నిలుస్తుందట. అక్కడైతే రెండు రకాల సీసాలు కొని సగం సగం కలుపుతారు. ఆ రెండూ నాకు అనంతపురంలో దొరకలేదు. ఇంట్లోనే చేద్దామని నిన్న కూర్చున్నాను.

అర లీటరు గేదె పాలు కాచాను. రెండు చెంచాల దాల్చిన చెక్క పొడి, అర కప్పు చక్కెర, ఫ్రిజ్‌లో గిన్నెలో దాచి ఉన్న మీగడ మొత్తం వేసి మిక్సీలో తిప్పాను. గోరువెచ్చగా ఉండగానే క్వార్టర్ సీసా రమ్ము ఒక్కసారిగా పోశాను. రెండు నిమిషాలు కాలేదు, పైన తరకలు తేలాయి. కింద జిగురుగా ఏదో పేరుకుంది. వడగడితే గుడ్డలో పన్నీరు మిగిలింది. అంతా పారబోశాను, ప్రాణం ఉసూరుమన్నది. ఇంకా పది రోజులు ఉన్నాయి. ఈసారి సరిగ్గా చేసి తీరాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

బళ్లారి_రోడ్డు
రమ్ము ఎక్కువైంది. మద్యం పడితే పాలు విరగక ఏమవుతాయి? సగానికి తగ్గించి చూడండి.

కడప_గడప
నాకు ముందు ఆ జిగురే తట్టింది. దాల్చిన చెక్క పొడి తడిస్తే ఉబ్బి జారుడుగా తయారవుతుంది. ఎంత వడగట్టినా పోదు. పొడి బదులు చెక్క ముక్కలనే వాడాలి. వాటిని కూడా పాలలో కాదు, రమ్ములో నానబెట్టాలి.

వేరుశనగ
వడగట్టిన ఆ పన్నీరు పారబోశారా? అయ్యో. చక్కెర, దాల్చిన చెక్క, రమ్ము అన్నీ పట్టిన పన్నీరు. నేనైతే బాణలిలో వేసి కోవా చేసేదాన్ని.

పాలకేంద్రం_కర్నూలు
చాలా ఏళ్లుగా పాల శీతలీకరణ కేంద్రంలో పని చేస్తున్నాను కాబట్టి దీని మీద గట్టిగానే చెప్పగలను. బళ్లారి_రోడ్డు గారి మాట ఒప్పుకోలేను. మద్యం పడినంత మాత్రాన మంచి పాలు విరగవు. మేము రోజూ చేసే పరీక్షే అందుకు రుజువు. పాలు రాగానే గాజు గొట్టంలో 5 మి.లీ. పాలు, 5 మి.లీ. ఆల్కహాల్ పోసి తిప్పుతాం. ఆ ఆల్కహాల్ 68 శాతం గాఢత ఉన్నది. గొట్టం గోడకు పలుకులు అంటుకుంటే ఆ పాలు లోపల పులుపెక్కుతున్నాయని, వేడికి నిలవవని అనుమానించాలి. గోడ శుభ్రంగా ఉంటే తీసుకుంటాం. మన దగ్గర అమ్మే రమ్ము మామూలుగా 42.8 శాతమే. తాజా పాలకు దానితో భయం లేదు.

నా అనుమానం ఆ గిన్నెలోని మీగడ మీద. మిద్దె గారూ, అది ఎన్ని రోజులది? వెన్న తీయడానికి దాచిన మీగడా? అందులో ఇంట్లో ఎవరైనా తోడు వేశారా?

అనంత_మిద్దె
అమ్మను ఇప్పుడే అడిగాను. వారం రోజుల మీగడ. మొదటి రోజునే చెంచాడు పెరుగు వేసి, రోజూ దాని మీదే కొత్త మీగడ వేస్తూ వచ్చిందట. వెన్న బాగా పడుతుందని ఎప్పుడూ అలాగే చేస్తుంది. నాకు ఈ సంగతి ఇంతవరకూ తెలియదు.

పాలకేంద్రం_కర్నూలు
అదే కారణం. మీరు వేసింది మీగడ కాదు, మీగడ పెరుగు. పాలలో కేసిన్ అనే ప్రొటీన్ సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. తాజా పాల పీహెచ్ 6.6, 6.7 దగ్గర ఉంటుంది. పులుపు పెరిగి అది 4.6 దాకా దిగితే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి. పెరుగు తోడుకోవడం అంటే ఇదే. ఆల్కహాల్ ఉంటే అంత దూరం దిగనక్కరలేదు, కొంచెం పులుపుకే గడ్డకడుతుంది. పైగా వేడి. పులుపు, మద్యం, వేడి మూడూ ఒకేసారి తగిలితే ఏ పాలూ తట్టుకోలేవు.

అమ్మగారి గిన్నె వెన్నకే ఉంచండి. దీనికి పెట్టెలో వచ్చే ఫ్రెష్ క్రీము తీసుకోండి. 25 శాతం కొవ్వు ఉన్నది మన ఊళ్లలో సులభంగా దొరుకుతుంది. అందులో కొవ్వును సన్నగా చితక్కొట్టి ఉంటారు కాబట్టి పైకి తేలి తెట్టు కట్టదు. కాచిన పాల మీది మీగడ ఎంత తాజాదైనా పొరలు పొరలుగానే మిగులుతుంది. నాలుకకు తగులుతుంది.

బళ్లారి_రోడ్డు
ఈ పరీక్ష సంగతి నాకు తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం. మా పెళ్లిలో బెల్లం పాయసం ఇలాగే విరిగింది. అందులో మద్యమూ లేదు, పెరుగూ లేదు. అది ఎందుకు?

కడప_గడప
బెల్లంలోనూ కాస్త పులుపు ఉంటుంది. పాలు పొంగుతుండగా వేస్తే విరుగుతాయి. మా అవ్వ పరమాన్నం దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే బెల్లం పాకం కలిపేది. మిద్దె అన్నా, చక్కెర బదులు బెల్లం వేద్దామని మాత్రం ఈసారి ప్రయత్నించవద్దు.

డల్లాస్_రాయదుర్గం
మాది రాయదుర్గం, ఇక్కడికి వచ్చి పన్నెండేళ్లయింది. మీ తమ్ముడు చెప్పిన పానీయం నాకు బాగా తెలుసు. దీనికి ఒక చిన్న కథ ఉంది. ఇక్కడ పిల్లలు పొద్దున పాలలో వేసుకుని తినే దాల్చిన చెక్క అటుకుల లాంటి పదార్థం ఒకటి ఉంది, సినమన్ టోస్ట్ క్రంచ్ అంటారు. 1984 నుంచి అమ్ముతున్నారు. అవి తినేశాక గిన్నె అడుగున తియ్యటి పాలు మిగులుతాయి. చక్కెర, దాల్చిన చెక్క కరిగిన పాలు. గిన్నె ఎత్తి వాటిని తాగడమే పిల్లలకు అసలు పండుగ. పెద్దయ్యాక ఆ రుచిని గ్లాసులోకి తెచ్చుకోవడమే ఈ షాట్.

మీ తమ్ముడు చెప్పిన రెండు సీసాల్లో ఒకటి రమ్‌చాటా. 2009లో వచ్చింది. రమ్ము, పాల మీగడ, దాల్చిన చెక్క, వెనిలా ఉంటాయి, ఆల్కహాల్ 13.75 శాతం. రెండోది ఫైర్‌బాల్, దాల్చిన చెక్క విస్కీ, 33 శాతం. సగం సగం కలిపితే దాదాపు 23 శాతం అవుతుంది. తియ్యదనం వల్ల అంత ఉన్నట్టు తెలియదు, ఈ సంగతి మరచిపోవద్దు.

పేరులోని 'చాటా' హోర్చాటా నుంచి వచ్చింది. మెక్సికోలో బియ్యం, దాల్చిన చెక్క కలిపి నానబెట్టి, రుబ్బి, వడగట్టి, చక్కెర వేసి చల్లగా తాగే పానీయం అది. అందులో మద్యం చుక్క కూడా ఉండదు. స్పెయిన్‌లో వలెన్సియా వాళ్లు అదే పేరుతో తుంగ జాతి మొక్క దుంపల పాలు తీస్తారు. మీ ఇంట్లో తాగనివాళ్లు ఉంటే ఆ బియ్యం పానీయం చేయండి. నా మాట నమ్మండి, కర్నూలు సోనా మసూరితో చేసింది ఇక్కడ కొట్టులో కొన్నదానికన్నా నాకు ఎక్కువ నచ్చింది.

వేరుశనగ
పచ్చి బియ్యం నీళ్లా? కడుపు నొప్పి రాదా?

కడప_గడప
తడి పిండితో చలిమిడి తింటున్నాం కదా అక్కా. అది మాత్రం పచ్చి బియ్యం కాదా?

వేరుశనగ
అవును, ఆ మాట నిజమే. పూర్ణం దగ్గర కూర్చుని చలిమిడి ముద్దలు ఎగరేసిన రోజులు గుర్తుకొచ్చాయి.

పెన్నమ్మ
అందరూ రుచి గురించే మాట్లాడుతున్నారు. నాకు మనసులో ఉన్నది చెప్పేస్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. నేను తాగను, తాగేవాళ్లను తిట్టను. కానీ ఈ పానీయం చూడటానికి ఎలా ఉంటుంది? బాదం పాలలా ఉంటుంది. వాసన కూడా అలాంటిదే. ఫ్రిజ్‌లో పెడతారు. ఇంట్లో ఆరేళ్ల పిల్లాడు ఉంటే, నిద్ర లేచి తలుపు తీసి గ్లాసు నింపుకుంటే ఏమిటి గతి? రమ్ము సీసాను పిల్లలు ముట్టరు, వాసనకే పారిపోతారు. దీన్ని వాళ్లే వెతుక్కుని తాగుతారు. మా బంధువుల ఇంట్లో ఒక పెళ్లికి పళ్లరసంలో మద్యం కలిపి మామూలు జగ్గులో పెట్టారు. మా అత్తయ్య, ఎప్పుడూ ముట్టని మనిషి, రెండు గ్లాసులు తాగింది. ఆవిడ ఆ రాత్రి పడిన ఇబ్బంది కన్నా, తనకు చెప్పకుండా తాగించారన్న బాధ ఇన్నేళ్లయినా పోలేదు. మిద్దె బాబూ, చెయ్యి, కాదనను. ముందు దీనికి దారి ఆలోచించు.

అనంత_మిద్దె
అక్కా, ఈ విషయం నాకు తట్టనే లేదు. మా అక్క పిల్లలు ఇద్దరు వస్తున్నారు, ఏడేళ్లు, తొమ్మిదేళ్లు. మీరు చెప్పకపోతే పాల సీసా పక్కనే పెట్టేవాణ్ణి.

పాలకేంద్రం_కర్నూలు
పెన్నమ్మ గారి మాటకు తిరుగు లేదు. ఫ్రిజ్‌లో అసలు పెట్టవద్దు. ఐసు వేసిన చిన్న డబ్బా కొని, సీసా అందులో పెట్టి, పెద్దవాళ్లు కూర్చునే చోట ఉంచండి. ముందు రోజే చేస్తే ఫ్రిజ్ పై అరలో వెనక్కి పెట్టి, మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి. చదవడం రాని పిల్లలుంటే అదీ చాలదు.

తుంగభద్ర_తీరం
మా ఇంట్లో పురుగుమందు సీసాలకు ఎర్ర దారం కడతాం. దారం ఉన్నది ముట్టకూడదని పిల్లలకు నడక రాకముందే తెలుసు. ఇక్కడా అదే చేయవచ్చు.

మసాలా_డబ్బా
చెక్క సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను చెబుతాను. మన బిర్యానీలో పడేది ఎక్కువగా కాసియా. చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి వచ్చే జాతులు. మందంగా, గట్టిగా, ఒకే చుట్టగా ఉంటుంది, చేత్తో విరవాలంటే వేళ్లు నొప్పి పుడతాయి. అసలు దాల్చిన చెక్క శ్రీలంకది. పలుచని పొరలు ఒకదానిలో ఒకటి, చుట్టలో చుట్టగా ఉంటాయి. వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. మా వీధి చివర కొట్టులో శ్రీలంకది అని చెప్పి మూడింతలు ధర తీసుకుని కాసియానే అంటగట్టారు. ఇంటికి వచ్చి విరవబోతే తెలిసింది. అందుకే కొనేటప్పుడే ఒక ముక్క విరిచి చూడండి.

ఈ షాట్‌కు ఏది మంచిదంటే నేను కాసియా అంటాను. ఆ అమెరికా విస్కీలో వచ్చే మంట లాంటి ఘాటు దీనికే వస్తుంది. శ్రీలంకది మెత్తగా, తియ్యగా, పూల వాసనతో ఉంటుంది. చిక్కటి క్రీములో అది కనబడకుండా పోతుంది.

డల్లాస్_రాయదుర్గం
ఒప్పుకోను. క్రీము భాగానికి శ్రీలంక చెక్క, మంట భాగానికి కాసియా. రెండూ కలిస్తేనే ఆ రుచి.

పెన్నమ్మ
కాసియా కాలేయానికి మంచిది కాదని ఎక్కడో విన్నాను. నిజమా?

మసాలా_డబ్బా
అందులో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. శ్రీలంక చెక్కలో అది ఉందీ లేదనిపించేంత తక్కువ. ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకు మనిషి బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటవద్దని చెప్పింది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 6 మిల్లీగ్రాములు. చక్కెర వ్యాధికి మంచిదని కాసియా పొడి రోజూ చెంచాలు చెంచాలు తినేవాళ్లు జాగ్రత్త పడాలి. ఏడాదికి ఒక రాత్రి రెండు గుక్కలు తాగేవాళ్లు దీని గురించి దిగులు పడనక్కరలేదు.

కడప_గడప
మాట పక్కకు పోయింది. అన్నకు కొలతలు కావాలి. పోయిన ఏడాది నేను మూడుసార్లు చేశాను, చివరికి కుదిరింది ఇది.

క్వార్టర్ సీసా, అంటే 180 మి.లీ. రమ్ము. రెండంగుళాల కాసియా ముక్కలు రెండు, చిదిమి గాజు సీసాలో వేసి రమ్ము పోసి మూత పెట్టాలి. పొడి చేయకూడదు. దాల్చిన చెక్క వాసనంతా దాని నూనెలో ఉంటుంది, నూనె నీటిలో సరిగ్గా కలవదు, ఆల్కహాల్‌లో చక్కగా కలుస్తుంది. మూడో రోజుకు రంగు, వాసన వస్తాయి. మూడో రోజు నుంచి రోజూ ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. నేను మొదటిసారి పదిహేను రోజులు వదిలేశాను, వగరెక్కి నోరు ముడుచుకుపోయింది. నాలుగు రోజులు చాలు. మంట కావాలంటే చివరి రోజున తొడిమ తీసిన ఎండు మిరపకాయ సగం ముక్క గింజలు దులిపి వేసి, రెండు గంటల్లో తీసేయాలి. రెండు గంటలంటే రెండు గంటలే.

తరువాత పలుచని గుడ్డలో వడగట్టి చల్లబరచాలి. వేరే గిన్నెలో 120 మి.లీ. మిల్క్‌మెయిడ్, 150 మి.లీ. ఫ్రెష్ క్రీము, కాచి బాగా చల్లార్చిన పాలు 100 మి.లీ. కలపాలి. అన్నీ ఫ్రిజ్ చల్లదనంలో ఉండాలి. ఇప్పుడు రమ్మును సన్నని ధారగా పోస్తూ గరిటెతో తిప్పాలి. మిక్సీ వద్దు, నురగ వస్తుంది. చివర వెనిలా అర చెంచా. మొత్తం 550 మి.లీ. వస్తుంది.

మిల్క్‌మెయిడ్ ఎందుకంటే చక్కెర అందులో ముందే కరిగి ఉంటుంది. చల్లటి క్రీములో విడిగా చక్కెర వేస్తే గ్లాసు అడుగున గరగరలాడుతుంది.

పాలకేంద్రం_కర్నూలు
లెక్క వేసి చూశాను. 180 మి.లీ.లో 42.8 శాతం అంటే 77 మి.లీ. ఆల్కహాల్. 550తో భాగిస్తే సరిగ్గా 14 శాతం. డల్లాస్ గారు చెప్పిన సీసాకు దాదాపు సమానం. 30 మి.లీ. షాట్‌లు పద్దెనిమిది వస్తాయి. మూడు షాట్‌లు తాగితే ఒక చిన్న పెగ్గు రమ్ము తాగినట్టు. ఈ లెక్క మీ వాళ్లకు ముందే చెప్పండి, తీపి పానీయం దగ్గర ఎవరూ లెక్క పెట్టుకోరు.

ఇంకొకటి. పెద్ద కంపెనీల క్రీము మద్యం సీసాలు గది వేడిలోనూ నెలల తరబడి నిలుస్తాయి. అక్కడ కొవ్వును యంత్రాలతో అతి సన్నగా చితక్కొట్టి, అవి అతుక్కోకుండా పాల ప్రొటీన్ నుంచి తీసిన పదార్థం కలుపుతారు. 1974లో ఐర్లాండు బెయిలీస్‌తో ఈ పద్ధతి బజారుకెక్కింది. మన గరిటెతో ఆ పని కాదు. ఇంట్లో చేసింది చల్లగా ఉంచి రెండు మూడు రోజుల్లో వాడాలి. మద్యం ఉంది కదా పాడవదులే అనుకోవద్దు.

వేరుశనగ
పాలు పడనివాళ్లు ఉన్నారా మీ గుంపులో? నాకు పడవు. నేను అనంతపురం మనిషిని, వేరుశనగ పాలు తీస్తాను. గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడగట్టి, కాచి చల్లార్చి పెట్టుకుంటాను. కాచకపోతే పచ్చి వాసన వస్తుంది. అందులో దాల్చిన చెక్క చాలా బాగా ఒదుగుతుంది. పల్లీలు పడనివాళ్లు ఉన్నారేమో అడిగి మరీ పోయాలి.

తుంగభద్ర_తీరం
ఎవరూ తలచుకోని మాట ఒకటి. మన సీమలో సుగంధి వేళ్ల నన్నారి ఉండగా దాల్చిన చెక్క వెనుక ఎందుకు పడాలి? నేను నన్నారి పాకం క్రీములో కలిపి చూశాను.

కడప_గడప
ఎలా వచ్చింది?

తుంగభద్ర_తీరం
విరిగింది. ఇప్పుడు పాలకేంద్రం గారి మాటలు చదివాక తెలిసింది. ఆ సీసా పాకంలో నిమ్మ ఉప్పు వేసి ఉంది, చీటీ మీద రాసే ఉంది, నేను చదవలేదు. వేళ్లు తెచ్చుకుని ఇంట్లో కాచిన పాకంతో మళ్లీ చేస్తాను. ఆ వాసన క్రీములో కలిస్తే దానికి సాటి ఉండదని నాకు నమ్మకం.

మసాలా_డబ్బా
అది కుదిరితే ఇక్కడ తప్పకుండా రాయండి. కర్నూలు వేసవికి నన్నారి కన్నా చల్లటి మాట లేదు.

బళ్లారి_రోడ్డు
పచ్చి గుడ్డు సొన కొట్టి వేస్తే చిక్కగా వస్తుందని ఒకరు చెప్పారు. వేయవచ్చా?

పాలకేంద్రం_కర్నూలు
వద్దు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండే ప్రమాదం ఉంది, 14 శాతం మద్యం దాన్ని చంపేస్తుందని ధైర్యం చెప్పలేను. క్రీము, మిల్క్‌మెయిడ్ ఉన్నాక చిక్కదనానికి ఇంకేమీ అక్కరలేదు.

పెన్నమ్మ
తిరిగి వెళ్లేటప్పుడు బండి ఎవరు నడుపుతారో ముందే అనుకోండి. మన చట్టంలో 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం ఇవ్వకూడదు, కాలేజీ పిల్లలు కూడా వస్తారు కాబట్టి చెబుతున్నాను. విసుక్కోవద్దు.

అనంత_మిద్దె
విసుగు లేదు అక్కా. ధర్మవరం నుంచి వచ్చే ముగ్గురికీ ఆ రాత్రి మా ఇంట్లోనే పడకలు వేస్తున్నాం.

ఈ రోజు పాలకేంద్రం గారి పరీక్షను వంటింట్లో చేశాను. నాలుగు చిన్న గ్లాసులు పెట్టి ఒక్కోదానిలో రెండు చెంచాల రమ్ము పోశాను. మొదటిదానిలో పొద్దున కాచిన పాలు, రెండోదానిలో నిన్నటి పాలు, మూడోదానిలో పెట్టె క్రీము, నాలుగోదానిలో అమ్మ మీగడ, అన్నీ రెండేసి చెంచాలు. మొదటిదీ మూడోదీ నున్నగా ఉన్నాయి. నిన్నటి పాలలో గోడకు సన్నని రవ్వలు కనబడ్డాయి. అమ్మ మీగడ పడీ పడగానే ముద్దకట్టింది. అమ్మ పక్కనే నిలబడి చూసింది. నిన్నటి పాలు రాత్రి ఎనిమిది దాకా బయటే ఉన్నాయని అప్పుడు చెప్పింది.

కాసియా ముక్కలు ఇవాళే రమ్ములో వేశాను.

డల్లాస్_రాయదుర్గం
బియ్యం పానీయానికి నా కొలత ఇస్తున్నాను, అడగకపోయినా. ఒక గ్లాసు సోనా మసూరి బాగా కడిగి, నాలుగు గ్లాసుల నీళ్లు, రెండంగుళాల శ్రీలంక చెక్క వేసి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. బయట ఉంచవద్దు, పులుస్తుంది. పొద్దున చెక్కతో సహా మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టండి. ఒక గ్లాసు చల్లటి పాలు, చక్కెర, వెనిలా కలిపితే చాలు. పిండి అడుగుకు దిగుతుంది, పోసే ప్రతిసారీ గరిటె పెట్టి కలపాలి. అదే రోజు అయిపోవాలి.

కడప_గడప
గ్లాసు అంచుకు తడి చేసి, చక్కెర పొడిలో కొంచెం దాల్చిన చెక్క పొడి కలిపి అద్దండి. పొడి పనికొచ్చే చోటు అదొక్కటే. పిల్లల గ్లాసులకు కూడా అద్దితే వాళ్లకూ పండుగ.

పెన్నమ్మ
పిల్లల గ్లాసులు, పెద్దల గ్లాసులు ఒకేలా ఉంటే మళ్లీ మొదటికి వస్తాం. పిల్లలకు స్టీలు గ్లాసులు పెట్టండి.

కడప_గడప
ఈ మాట నేను ఆలోచించలేదు. స్టీలువే పెట్టండి.

అనంత_మిద్దె
జనవరి 2. నిన్నంతా గిన్నెలు కడుగుతూనే సరిపోయింది, ఇప్పుడు రాయడానికి తీరిక దొరికింది.

విరగలేదు. ఒక్క తరక లేదు. రమ్ము పోస్తున్నంతసేపూ చెయ్యి వణికింది, మా తమ్ముడు టార్చి పట్టుకుని గిన్నెలోకి చూస్తూనే ఉన్నాడు. మిరపకాయ రెండు గంటలకు ఫోనులో గంట పెట్టుకుని తీశాను. మొదటి గ్లాసు వాడికే ఇచ్చాను. కళ్లు మూసుకుని మింగి, కొంచెంసేపు ఏమీ అనలేదు. అక్కడిదాని కన్నా మంట తక్కువ, పాల రుచి ఎక్కువ అన్నాడు. ఇంకొకటి అడిగాడు కాబట్టి నచ్చినట్టే అనుకున్నాను.

రెండు క్వార్టర్లకు ముప్పై ఆరు షాట్‌లు వస్తాయని లెక్క వేశాం, ముప్పై మూడు వచ్చాయి. గిన్నెకు, గరిటెకు అంటుకున్నది పోగా. పదకొండు మంది తాగారు, మనిషికి మూడు చొప్పున పంచి సీసా బోర్లించాం. మూడు అంటే ఒక పెగ్గని ముందే చెప్పాను, ఎవరూ మళ్లీ చేయమని అడగలేదు. సీసా మెడకు ఎర్ర దారం కట్టాను. మా అక్క చిన్న కొడుకు అది చూసి దారం ఎందుకని అడిగాడు. పెద్దవాళ్ల మందు అని చెబితే సరే అని స్టీలు గ్లాసు పట్టుకుని బియ్యం పాల దగ్గరికి వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఆ బియ్యం పాలే. డల్లాస్ గారూ, అందరికన్నా ముందు అయిపోయింది అదే. మా అవ్వకు ఎనభై నాలుగు. చలికి శాలువా కప్పుకుని మిద్దె మీదికి వచ్చి ఒక గ్లాసు పూర్తిగా తాగింది. ఇది ఏ దేశానిదని అడిగింది. మెక్సికో అని చెప్పాను. 'బియ్యం, చక్కెర, చెక్క, అన్నీ మన ఇంటివే కదా' అన్నది. ఏలకులు వేసి ఉంటే ఇంకా బాగుండేదట.

డల్లాస్_రాయదుర్గం
అవ్వకు నా నమస్కారాలు చెప్పండి. ఈ ఆదివారం ఏలకులు వేసి చేస్తాను.

తుంగభద్ర_తీరం
సుగంధి వేళ్లు తెచ్చాను. ఎండబెట్టి ఉన్నాయి. నలగ్గొట్టి ఎంతసేపు కాచాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మసాలా_డబ్బా
లోపలి కట్టె పుల్ల తీసేసి బెరడు మాత్రమే వాడండి, వాసనంతా బెరడులోనే ఉంటుంది. రాత్రంతా వేడి నీళ్లలో నానబెట్టి, పొద్దున వడగట్టి, ఆ నీళ్లతోనే చక్కెర పాకం పట్టండి. బెరడును మరిగించవద్దు.

అనంత_మిద్దె
రమ్ములో నానిన కాసియా ముక్కలు ఇంకా ఉన్నాయి, వాసన పోలేదు. వీటిని ఏం చేయవచ్చు?

వేరుశనగ
నీడన ఆరబెట్టి చక్కెర డబ్బాలో వేసి మూత పెట్టండి. వారంలో చక్కెరకు ఆ వాసన పడుతుంది. ఈసారైనా పారబోయకండి.